కోత, మేట, వాన: భూగోళశాస్త్ర ప్రాథమిక భావనల తెలుగు పరిభాష – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

భౌతిక, మానవ భూగోళశాస్త్రాల ప్రాథమిక భావనలు తెలుగు విద్యార్థికి ఏ మాటలలో అందుతున్నాయి, ఆ మాటలు భావనను విప్పుతున్నాయా లేక కప్పుతున్నాయా అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం. ‘శీతోష్ణస్థితి’, ‘క్రమక్షయం’, ‘ఉద్భిజ్జ సంపద’, ‘వలస’ మొదలైన పారిభాషిక పదాలను వ్యవసాయ వ్యవహారంలోని పదజాలంతోను, తెలుగు సాహిత్యంలోని ప్రదేశ వర్ణనలతోను పోల్చి చూడడమైంది. సంస్కృతమా, దేశ్యమా అన్న పాత వివాదాన్ని పక్కనపెట్టి, ఒక్కొక్క పదం తాను మోయవలసిన భావనను ఎంతవరకు మోస్తున్నదో పరీక్షించాలన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: భూగోళ పరిభాష, శీతోష్ణస్థితి, కార్తెలు, నదీకోత, లంకలు, గ్రామనామాలు, మాండలిక వృత్తిపదాలు, కాశీయాత్ర చరిత్ర.

1. ప్రవేశిక

భూగోళశాస్త్రంతో తెలుగు శాఖకు ఏమి పని అన్న ప్రశ్న సహజంగానే రావచ్చు. శాస్త్రం ఎవరిదైనా పరిభాష భాషకు సంబంధించినదే కాబట్టి, ఆ మేరకు అది తెలుగు అధ్యాపకుని బాధ్యత కూడా అని సమాధానం. తెలుగు మాధ్యమంలో చదివి డిగ్రీకి వచ్చే విద్యార్థులలో వ్యవసాయ కుటుంబాలవారు తక్కువేమీ కాదు. తమ పొలంలో ఏ చెక్క రేగడో, ఏ చెక్క చౌడో, ఏ మూల నీరు నిలుస్తుందో వారికి తెలుసు. ఆ విద్యార్థులే ‘మృత్తికా క్రమక్షయం అనగానేమి?’ అన్న ప్రశ్నకు వట్టి కంఠస్థపు వాక్యం రాస్తారు. తమ పొలం గట్టు పోయిన వానాకాలానికి, ఆ వాక్యానికి సంబంధం ఉందన్న ఊహ ఆ జవాబులో ఎక్కడా కనిపించదు. ఒకే మనిషిలో రెండు జ్ఞానాలు ఇరుగుపొరుగున ఉండి పలకరించుకోకపోవడం ఇక్కడి అసలు సమస్య.

పాఠ్యపుస్తకాలు ఈ సమస్యను అసలు గుర్తించలేదనడం అన్యాయం. ఉమ్మడి రాష్ట్రంలో 2012 నాటి సంస్కరణలో వచ్చిన ఆరో తరగతి సాంఘికశాస్త్రం భూస్వరూపాలను నిర్వచనాలతో కాక ఊళ్ళతో పరిచయం చేసింది. డెల్టాకు పెనమకూరు, పీఠభూమికి దోకూరు, కొండ ప్రాంతానికి పెనుగోలు ఉదాహరణలయ్యాయి. నేల, నీరు, పంట, ఇల్లు, సంత అన్నీ ఒకే పాఠంలో కలిసి రావడం వల్ల భౌతిక, మానవ భూగోళాల మధ్య గోడ అక్కడ లేదు. తెలుగు పాఠ్యపుస్తక రచనలో ఇది చెప్పుకోదగిన అడుగు. అయితే పై తరగతులకు పోయేకొద్దీ ఊళ్ళు వెనుకబడి, పారిభాషిక పదాలు ముందుకు వస్తాయి. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరువాత ఉన్నత విద్యకు స్థిరపడిన పరిభాష చాలావరకు సంస్కృత సమాసాలతో కూడినది. ఆ సమాసాలన్నీ చెడ్డవన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం కాదు. ‘ద్వీపకల్పం’ వంటి మాట ఎంత పొందికైనదో చూడవచ్చు: దాదాపు ద్వీపమే, కాని పూర్తిగా కాదు అన్న నిర్వచనమంతా పదంలోనే ఇమిడి ఉంది. ‘పీఠభూమి’ కూడా అంతే. చుట్టూ ఉన్న నేలకంటే ఎత్తున, పైన చదునుగా ఉన్న రూపం విన్న వెంటనే కళ్ళకు కడుతుంది. ‘మైదానం’ అనగానే మాత్రం విద్యార్థికి క్రికెట్టు, సాహిత్య విద్యార్థికి చలం నవల గుర్తుకు వస్తాయి. అదేమంత ప్రమాదం కాదు. ప్రమాదమంతా, పదం భావనలో ఒక భాగాన్ని చూపి మిగతా భాగాన్ని దాచిన చోట ఉంది.

2. ‘శీతోష్ణస్థితి’లో వాన ఎక్కడ?

పదాన్ని విడదీస్తే శీతం, ఉష్ణం, వాటి స్థితి. చలి, వేడి. అంతే. దీర్ఘకాలపు సగటు లక్షణాలను చెప్పవలసిన ఈ పదంలో వానకు చోటు లేదు. తెలుగు నేలమీద ఒక ప్రాంతానికీ మరో ప్రాంతానికీ ఉన్న తేడాను నిర్ణయించేది ప్రధానంగా వాన. వేసవిలో నెల్లూరు, నల్లగొండ, అనంతపురం అన్నీ ఎండలో మాడేవే. నెల్లూరుకు నైరుతి ఋతుపవనాలకంటే ఈశాన్య ఋతుపవన కాలంలో, అంటే అక్టోబరు–డిసెంబరు నెలల్లో ఎక్కువ వాన పడుతుంది. తెలంగాణకు వానంటే దాదాపుగా నైరుతి వానే. అనంతపురానికి సాలీనా సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే దక్కుతుంది. పంటల పట్టిక, చెరువుల సంఖ్య, వలసల కాలం అన్నీ ఈ తేడానుంచి పుట్టినవే. దాన్ని చెప్పవలసిన పదం చలి, వేడి దగ్గర ఆగిపోయింది.

రైతు వ్యవహారంలో కాలవిభజన ఇందుకు పూర్తిగా భిన్నం. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే కాలం కార్తె. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కొక్కటి పదమూడున్నర రోజులకు అటూ ఇటూ. ఎండలకు రోహిణి, తొలకరికి మృగశిర, నాట్లకు ఆరుద్ర, పునర్వసు – ఇలా ప్రతి కార్తెకూ ఒక వాన లక్షణం, ఒక పొలం పని జతపడి ఉంటాయి. జూన్ 8 ప్రాంతంలో మృగశిర ప్రవేశిస్తుంది. నైరుతి ఋతుపవనాలు తెలుగు నేలకు చేరేదీ సాధారణంగా జూన్ మొదటి పక్షంలోనే. కార్తెల పట్టిక ఒక విధంగా అనేక తరాల వర్షపాతపు సగటు. సగటు అన్న భావన విద్యార్థికి కొత్తది కాదు, మృగశిర రోజు చేపలు వండుకునే ఇంట్లో అది ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. జానపద విజ్ఞానం అనగానే దానిని సర్వకాల సత్యంగా పొగిడే ధోరణి మన పరిశోధనలలో పెరుగుతున్నది. కార్తెలు నిరయన గణనమీద ఆధారపడినవి. ఋతువులు సాయన సంవత్సరాన్ని అనుసరిస్తాయి. ఈ రెండింటి మధ్య తేడా ఏడాదికి ఇరవై నిమిషాలు మాత్రమే అయినా, సుమారు డెబ్బై ఏళ్ళకు ఒక రోజు అవుతుంది. వెయ్యేళ్ళకు పద్నాలుగు రోజులు, అంటే ఒక పూర్తి కార్తె. ఈనాడు మృగశిరలో రావలసిన తొలకరి, ఋతుపవనాల రాక మారలేదని అనుకుంటే, నన్నయ కాలంలో ఆరుద్రకు వచ్చి ఉండాలి. కాబట్టి ఒక కార్తె సామెతను ఉదహరించే పరిశోధకుడు అది ఏ కాలపు సామెత అయి ఉంటుందని కూడా అడగాలి. ఈ ప్రశ్న సామెతల అధ్యయనానికి మంచి ఆధారం కాగలదు. ఇంతవరకు మన సామెతల సంకలనాలు దానిని పెద్దగా పట్టించుకోలేదు.

‘వాతావరణం’ అన్న పదం పరిస్థితి మరింత చిక్కైనది. వాతం ఆవరణంగా కలది – భూమిని చుట్టిన గాలి పొర అన్న అర్థానికి ఇది చక్కగా సరిపోయే మాట. కాని ఇదే పదం ఏ రోజుకారోజు మారే ఎండావానల స్థితికి కూడా వాడుకలో ఉంది. ‘ఇంట్లో వాతావరణం బాగాలేదు’, ‘పండుగ వాతావరణం’ అన్న లాక్షణిక ప్రయోగాల సంగతి సరేసరి. భూతాపం గురించిన చర్చలు మొదలైన తరువాత పత్రికలు ‘శీతోష్ణస్థితి మార్పు’ అనకుండా ‘వాతావరణ మార్పు’ అన్నాయి. ఆ పదబంధమే స్థిరపడింది. ఫలితంగా గాలి పొర, నేటి ఎండ, ముప్పై ఏళ్ళ సగటు – ఈ మూడు భావనలకూ ఒకే పదం. డిసెంబరులో నాలుగు రోజులు చలి ఎక్కువైతే ‘మరి భూమి వేడెక్కుతున్నదన్నారే?’ అని అడిగే విద్యార్థి తెలివితక్కువవాడు కాదు. ఆ రోజు చలికీ, దశాబ్దాల సగటుకూ భాష అతనికి ఒకే మాట ఇచ్చింది. ఈ శతాబ్దపు అతి ముఖ్యమైన భూగోళ చర్చలో తెలుగు పాఠకునికి ప్రాథమిక భేదమే అందకుండా పోవడం చిన్న విషయం కాదు.

దీనికి కొత్త సమాసం కల్పించడం పరిష్కారమని అనుకోను. ‘ఈ పూట వాన’, ‘ఈ సీమ వాన’ అన్న భేదాన్ని మొదట వ్యవహారంలో స్థాపించి, ఆ తరువాత పారిభాషిక పదాన్ని దానికి తగిలించడం మేలు. మన ప్రబంధాలు ఇందుకు అనుకోని సహాయం చేస్తాయి. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలోని వర్షర్తు వర్ణనను సాధారణంగా అలంకారాల కోసం బోధిస్తాం. తడిసిన కట్టెలతో పొయ్యి రాజేయడానికి పడే అవస్థ వంటి వివరాలు అందులో ఉన్నాయి. ఒక రోజు వాన కాక, రోజుల తరబడి పడే వాన ఒక జీవన విధానాన్ని ఎలా మలుస్తుందో కవి చూపాడు. శీతోష్ణస్థితి మానవ జీవితంతో కలిసే చోటు అదే. ప్రబంధ పాఠాన్ని భూగోళ పాఠంగా మార్చమని దీని అర్థం కాదు. రెండు తరగతి గదుల మధ్య తలుపు తీయవచ్చునని మాత్రమే.

3. కోత, మేట, పూడిక

‘క్రమక్షయం’ అంటే క్రమంగా క్షయించడం. ఇందులో రెండు లోపాలున్నాయి. మొదటిది ‘క్రమం’. గోదావరి వరదలో లంక అంచు ఒక రాత్రిలో, కొబ్బరి చెట్లతో సహా విరిగిపడుతుంది. అందులో క్రమమేమీ లేదు. రెండవది ‘క్షయం’. ఇది నష్టాన్ని మాత్రమే చెబుతుంది. నది ఒకచోట తీసింది మరోచోట పెడుతుంది. పాఠ్యపుస్తకంలో ఈ రెండో సగం ‘నిక్షేపణం’ అన్న వేరే శీర్షిక కింద, చాలాసార్లు రెండు పేజీల తరువాత వస్తుంది. పరీక్షలో అది వేరే ప్రశ్న. నది చేసే ఒకే పనిని రెండు మార్కుల ప్రశ్నలుగా కోసి పంచినట్టవుతుంది.

గోదావరి వాసుల వ్యవహారంలో ఈ రెండూ జంట పదాలు: కోత, మేట. ‘గట్టు కోసుకుపోయింది’, ‘ఇసుక మేట వేసింది’. రెండూ నదిని కర్తగా చేసి చెప్పగల మాటలు. రెండూ ఒక సంఘటన రెండు చివరలు. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయలుగా నది చీలిన తరువాత కోనసీమ పొడుగునా ఈ జంట పని చూడవచ్చు. ఒక లంక పై అంచు కోతకు గురవుతుంటే కింది అంచున మేట పెరుగుతుంది. అలా లంక నదిలో మెల్లగా జరుగుతుంది. కోనసీమను భూస్వరూపంగా బోధించాలంటే ఈ రెండు మాటలు చాలు. కాకినాడ తీరంలో ఇదే జంట మరింత స్పష్టం: ఉప్పాడ ఊరు సముద్రపు కోతకు ఏటేటా తగ్గుతుండగా, కాకినాడ రేవుకు ఎదురుగా గోదావరి తెచ్చిన ఇసుక మేటతో ఏర్పడిన హోప్ ఐలాండ్ సుమారు 16 కిలోమీటర్ల పొడవున సాగి ఉంది. ఎగువన ఆనకట్టలు మట్టిని పట్టి ఉంచితే డెల్టా అంచుకు చేరే మేట తగ్గి, కోతది పైచేయి అవుతుందన్న విషయం కూడా ఈ జంట పదాలతో ఒక వాక్యంలో చెప్పవచ్చు. ‘క్రమక్షయ–నిక్షేపణ సమతుల్యత’ అని చెప్పినా అర్థమవుతుంది, అర్థం చేసుకునే ఓపిక మిగిలితే.

‘లంక’ అన్న పదం గురించి ఒక మాట. విద్యార్థి పుస్తకంలో ద్వీపమంటే చుట్టూ సముద్రమున్న భూభాగం. ద్వీప శబ్దానికి సంప్రదాయ వ్యుత్పత్తి రెండు వైపుల నీరు కలదని. అంటే సంస్కృత పదం మొదటి అర్థంలో సముద్ర ద్వీపంకంటే నదిలోని లంకకే దగ్గర. మన భాషలో అచ్చంగా ఆ భావనకే ఉన్న పదాన్ని పుస్తకం రామాయణానికీ, పొరుగు దేశానికీ వదిలేసింది.

ఇక్కడినుంచి మానవ భూగోళానికి దారి చాలా దగ్గర. నీరు మోసుకొచ్చిన మట్టికి తెలుగులో ఒకే పేరు లేదు. వరద పొలంమీద మెత్తటి మట్టి పరిచిపోతే అది ఒండ్రు, రైతు సంతోషిస్తాడు. అదే వరద ఇసుకను కప్పిపోతే మేట. ఆ పొలం కొన్నేళ్ళు పనికిరాదు. చెరువు అడుగున అదే మట్టి చేరితే పూడిక, తీసి పారేయవలసినది. తీసిన పూడికను చేలో వేస్తే తిరిగి అది బలం. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయ పనుల్లో చెరువు పూడికను పొలాలకు తరలించడంలో ఈ చక్రం కళ్ళారా కనబడింది. భౌతిక భూగోళశాస్త్రం దృష్టిలో ఇదంతా అవసాదం. మనిషి దానితో పెట్టుకున్న సంబంధాన్నిబట్టి వ్యవహారం దానికి మూడు పేర్లు పెట్టింది. మానవ భూగోళశాస్త్రం అడిగే మొదటి ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఇతర భాషల పుస్తకాల్లో వెతుక్కోనక్కరలేదు.

4. వస్తువుకు తెలుగు, ప్రక్రియకు సంస్కృతం

పరిభాషను వరసగా చూస్తే ఒక పోకడ బయటపడుతుంది. వస్తువుల పేర్లలో పాఠ్యపుస్తకాలు దేశ్యపదాలను ఒప్పుకున్నాయి: వాగు, చెరువు, ఒండ్రు, నల్లరేగడి, ఇసుక దిబ్బ. ప్రక్రియల దగ్గరికి వచ్చేసరికి క్రమక్షయం, నిక్షేపణం, శైథిల్యం, బాష్పీభవనం మొదలవుతాయి. పల్లె భాషకు పేర్లు పెట్టడం తెలుసు, కారణాలు చెప్పడం తెలియదన్న ఒక నిశ్శబ్ద నిర్ణయం ఈ విభజన వెనుక ఉన్నది. ఆ నిర్ణయం తప్పు. కోసుకుపోవడం, మేటవేయడం, ఇంకడం, ఊరడం, ఇగిరిపోవడం, బీటలువారడం – ఇవన్నీ ప్రక్రియలే. క్రియాపదాలలో ఉండడం వల్ల, నామవాచకాలను వెతికే పరిభాషా సంఘాల కంటికి అవి ఆనలేదు.

దీనికి ప్రతివాదన లేకపోలేదు: క్రియనుంచి నామం కల్పిస్తే అది శాస్త్రీయంగా ధ్వనించదంటారు. ‘ఇంకుడు గుంత’ ఈ వాదనకు సమాధానం. 2000 ప్రాంతంలో ‘నీరు–మీరు’ కార్యక్రమంతో ఊరూరా వ్యాపించిన ఈ మాట పాలనా వ్యవహారంలోనూ, పత్రికలలోనూ, పాఠాలలోనూ నిలిచిపోయింది. ‘భూగర్భజల పునర్భరణ’ అన్న పదం కూడా ఉంది. ఏది ఎందుకు తవ్వారో మొదటి పదం వినగానే తెలుస్తుంది.

రేగడి కథ ఇంకా వింతైనది. నల్ల నేలలకు ప్రపంచ భూగోళ గ్రంథాలలో ప్రసిద్ధమైన ‘రేగుర్’ అన్న పేరు తెలుగు ‘రేగడ’నుంచే వెళ్ళింది. బయటికి వెళ్ళి వచ్చిన ఆ మాటను మన పోటీపరీక్షల పుస్తకాలు ‘రేగుర్ నేలలు’ అని పరాయి పదంలా పరిచయం చేసి, పక్కనే ‘నల్లరేగడి’ అని వివరణ ఇస్తాయి. పదం వెళ్ళిన దారిని ఒక వాక్యంలో చెబితే విద్యార్థికి తన భాషమీద కలిగే గౌరవం వేరు. రేగడి వేసవిలో బీటలువారుతుంది, వానకు ఉబ్బి మూసుకుంటుంది, తేమను చాలాకాలం పట్టి ఉంచుతుంది, అందువల్లనే వానలు వెనుకబట్టిన తరువాత కూడా శనగ, జొన్న పండుతాయి. ఎర్ర చలకకు ఈ గుణం లేదు. వాన ఆగిన వారానికి పైరు వాడుతుంది. అందుకే చలక నేలలు ఎక్కువున్న తెలంగాణలో చెరువు నిర్మాణం రాజ్యధర్మమైంది. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులను కాకతీయుల ఘనతగా చరిత్ర పాఠంలో చెబుతాం. చలక నేల అడిగిన సమాధానంగా భూగోళ పాఠంలో చెప్పము.

5. సంపద అన్న తొందరపాటు

‘సహజ ఉద్భిజ్జ సంపద’ అని పుస్తకాలలో ఉన్నదానిలో మొదటి రెండు పదాల బరువు అందరికీ కనిపిస్తుంది. నా అభ్యంతరం మూడోదానితో. ఒక ప్రాంతంలో సహజంగా మొలిచే చెట్టూచేమలను వర్ణించవలసిన భౌతిక భావన, ‘సంపద’ అనగానే ఆర్థిక భావన అయిపోతుంది. అడవి అంటే ఇన్ని ఘనపు మీటర్ల కలప అన్న లెక్కకు పదమే పునాది వేస్తుంది. ఎవరి సంపద అన్న ప్రశ్న మాత్రం పాఠంలో రాదు. నల్లమలలో చెంచులు ఉన్నారన్న విషయం ‘గిరిజనులు’ అన్న మరో అధ్యాయంలో, దుస్తులు, నృత్యాల వివరాలతో వస్తుంది. అడవి ఒక అధ్యాయం, అందులో మనిషి మరో అధ్యాయం. ‘వృక్షజాలం’ అన్న తటస్థమైన పదం మనకు ఉండగా దానిని జీవశాస్త్రానికే పరిమితం చేయడం ఎందుకో తెలియదు.

6. ఊరి పేరు, సీమ పేరు

మానవ భూగోళంలో ఆవాసం, వలస, ప్రాంతం అన్నవి మొదటి మెట్టు భావనలు. వీటిని బోధించడానికి తెలుగు పరిశోధన చాలాకాలం క్రితమే సామగ్రి సిద్ధం చేసింది. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊర్ల పేర్లమీద, యార్లగడ్డ బాలగంగాధరరావు ఆంధ్ర గ్రామనామాలమీద చేసిన కృషి భాషాశాస్త్ర పరిధిలో ఉండిపోయింది. భూగోళ పాఠానికి చేరలేదు. ఊరి పేరులో ఉత్తరపదం తరచుగా ఒక భూస్వరూపం: ఎదుర్లంకలో లంక, జమ్మికుంటలో కుంట. అది కాకపోతే ఒక ఆవాస రకం: భట్టిప్రోలులో ప్రోలు, కొత్తగూడెంలో గూడెం. మండలం పటం ఒకటి ముందు పెట్టుకొని పేర్ల చివరలను గుర్తిస్తే నీరు ఎక్కడ ఉండేదో, అడవి ఎక్కడివరకు ఉండేదో ఒక ప్రాథమిక చిత్రం వస్తుంది. అన్ని పేర్లూ నిజం చెబుతాయని కాదు. కుంట ఎండిపోయి పేరు మిగిలిన ఊళ్ళు చాలా ఉన్నాయి. అదీ ఒక భూగోళ సమాచారమే.

‘వలస’ పదాన్ని ప్రత్యేకంగా చూడాలి. పాఠంలో వలస అంటే ఊరు విడిచి పోవడం. పాలమూరు కూలీలు పనికోసం దూరప్రాంతాలకు పోయిన చరిత్రను చెప్పేటప్పుడు పదం ఆ అర్థంలోనే పలుకుతుంది. ఉత్తరాంధ్రలో ఆమదాలవలస వంటి పేర్లలో అదే పదం ఊరికి ఉత్తరపదమైంది. అక్కడ వలస అంటే వచ్చి నిలిచిన చోటు. ఒక చివర ఖాళీ అయిన ఇల్లు, మరో చివర కొత్తగా లేచిన ఊరు. ఈ రెండు చివరలనూ ఒక్క మాట పట్టి ఉంచింది. జనాభా పాఠంలో వలసను నష్టంగా, సమస్యగా మాత్రమే చూసే విద్యార్థికి ఈ ఊళ్ళ పేర్లు మరో కోణాన్ని ఇస్తాయి.

ప్రాంతం అన్న భావనకు రాయలసీమకంటే మంచి ఉదాహరణ లేదు. 1800లో నిజాం కంపెనీకి అప్పగించిన జిల్లాలు కాబట్టి దత్తమండలాలన్నారు. ఇచ్చిపుచ్చుకున్న వస్తువు పేరు అది. 1928 నంద్యాల సభలలో ఆ పేరును తోసిపుచ్చి రాయలసీమ అన్న పేరును స్వీకరించారు. నేల మారలేదు, వాన మారలేదు, పేరు మారింది. పేరుతో అక్కడివారి ఆత్మభావన మారింది. ప్రాంతమనేది సరిహద్దుల లెక్క ఎంతో, అక్కడి మనుషులు తమను తాము పిలుచుకునే తీరు అంత. భౌతికంగా ఆ సీమ పడమటి కనుమల వెనుకనున్న వర్షచ్ఛాయా ప్రాంతం. ఈ పారిభాషిక పదం వినసొంపుగా ఉన్నా, తెలుగువాడికి ‘ఛాయ’ అంటే చల్లదనం, సేదతీరే చోటు. ‘కొండ చాటున పడి వాన అందని నేల’ అని మొదట చెప్పి, పదాన్ని తరువాత ఇవ్వడం ఉత్తమం. 1956లో వెలువడిన విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ను ఈ భావన పక్కన పెట్టి చదివిస్తే, కావ్యంలోని కరువు విద్యార్థికి విధివిలాసంగా కాక, కొంత గాలి దిశగా, కొంత పాలనా చరిత్రగా అర్థమవుతుంది. అలా చదివితే కావ్యానికి విలువ తగ్గదు.

7. వీరాస్వామయ్య చూపు, నిఘంటువు పద్ధతి

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నంనుంచి బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి వెళ్ళి, కలకత్తా, తూర్పుతీరం దారిన 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ను తొలి యాత్రాచరిత్రగా, వ్యావహారిక వచనానికి నిదర్శనంగా బోధిస్తున్నాం. భూగోళ భావనల దృష్టితో ఆ పుస్తకాన్ని చదవడం తక్కువ. మజిలీకి మజిలీకి మధ్య దూరం, దారి తీరు, నీటి వసతి, అంగళ్ళు, ఊరి జనం – ఈ వివరాలు అతని రచనలో దాదాపు ప్రతి బసకూ వస్తాయి. భౌతికం ఏది, మానవం ఏది అన్న విభజన అతనికి లేదు. నీరు మంచిది కాకపోతే బస మారుతుంది, బస మారితే ఖర్చు మారుతుంది. సుమారు వందమందితో నడిచిన మనిషికి నేల లక్షణం అన్నది పరీక్షకు సంబంధించిన విషయం కాదు. బి.ఏ. తెలుగు విద్యార్థికి ఇందులోంచి నాలుగు మజిలీల భాగమిచ్చి, పటం గీయమని అడిగితే సాహిత్యాధ్యయనానికి అన్యాయం జరగదని భావిస్తున్నాను.

చివరి చిక్కు మాండలికాలది. వ్యవహార పదాలను పాఠంలోకి తేవాలన్నవారికి ఎదురయ్యే న్యాయమైన ప్రశ్న: ఎవరి వ్యవహారం? సీమలో వంక అన్నదాన్ని మరోచోట వాగంటారు. కోస్తాలో మాగాణి, మెట్ట. నిజాం రెవెన్యూ వ్యవహారం నడిచిన తెలంగాణలో తరి, ఖుష్కి. ఉత్తరాన ‘మన్యం’ అన్న మాట పక్కనే, 1839 చట్టంతో వచ్చిన పాలనా విభాగపు పేరు ‘ఏజెన్సీ’ తెలుగు పదమై కూర్చుంది. ఈ పదాల తేడాలే ఒక మానవ భూగోళ పటం అన్నది నిజమే, కాని పాఠ్యపుస్తకానికి ఏదో ఒక మాట కావాలి. ఏదో ఒక జిల్లా మాటను అందరిమీదా రుద్దితే, సంస్కృత సమాసం కనీసం అందరికీ సమానంగా పరాయిదన్న వాదనకు బలం వస్తుంది. ఈ వాదనను తేలికగా కొట్టిపారేయలేము. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం ఇదే చిక్కును ఎదుర్కొని, ఒక రూపాన్ని ప్రమాణంగా ఎంచి మిగతావాటిని తొలగించలేదు. ఏ పదం ఏ ప్రాంతంలో వినబడిందో ఆ ప్రాంతంతో సహా నమోదు చేసింది. భూగోళ పాఠ్యపుస్తకం చివరి పదసూచికలో ‘క్రమక్షయం’ పక్కన ఒక గడి ఖాళీగా వదిలి, ‘మీ ఊరిలో ఏమంటారు?’ అని అడగడానికి అదనంగా ఒక పేజీ కూడా పట్టదు.